ఉద్యోగాలకు మెయిల్స్ పెడుతున్నా... ఒక్క జవాబూ రావడం లేదు!

ప్రశ్న: మాది నరసరావుపేట. 2024లో బీకాం కంప్యూటర్స్ పూర్తి చేశాను. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. డిగ్రీ అయ్యాక మా ఊళ్లోనే ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ఎనిమిది నెలలు పని చేశాను. ట్యాలీ, జీఎస్టీ పని వచ్చు. జీతం చేతికిచ్చేవారు, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ మాత్రం లేదు. మూడు నెలలుగా విజయవాడ, హైదరాబాద్ కంపెనీలకు అకౌంట్స్ ఉద్యోగాల కోసం మెయిల్స్ పెడుతున్నాను. అరవై దాటి ఉంటాయి. ఒక్కరూ పిలవలేదు. మొన్న ఒకచోట నుంచి జవాబు వచ్చింది గానీ, ట్రైనింగ్ కిట్‌కని ముందు రూ.2,500 కట్టమన్నారు. నా ఇంగ్లిష్ బాగోలేకే ఇలా అవుతోందా? మళ్లీ గుర్తు చేస్తూ రాస్తే విసుక్కుంటారేమోనని టెన్షన్. నేను పంపే మెయిల్ కాపీ కూడా జత చేస్తున్నాను. ఎలా రాయాలో చెప్పండి.
– ఓ పాఠకురాలు, పల్నాడు జిల్లా

జవాబు: ముందుగా ఒక మాట. ఆ రూ.2,500 కట్టకండి. దాని సంగతి చివర్లో వివరంగా రాస్తాను.

ఇక మీ మెయిల్. అకౌంట్స్ విభాగానికి మనుషుల్ని ఎంపిక చేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి, దాన్ని చదివేవాళ్ల వైపు నుంచి చదివాను. మీ ఇంగ్లిష్ గురించి మీరు పెట్టుకున్న భయానికి ఆధారం లేదు. మెయిల్ మొదట్లో ఉన్న 'ఐ యామ్ సీకింగ్ ఎ ఛాలెంజింగ్ పొజిషన్ ఇన్ ఎ రెప్యుటెడ్ ఆర్గనైజేషన్' అన్న వాక్యంలో వ్యాకరణం తప్పేమీ లేదు. 'హార్డ్‌వర్కింగ్, క్విక్ లెర్నర్' అన్నదీ సరిగ్గానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ వాక్యాలు ఏళ్ల తరబడి ఒక రెజ్యూమే నుంచి ఇంకో రెజ్యూమేకి కాపీ అవుతూ వస్తున్నాయి. రోజూ దరఖాస్తులు చూసేవాళ్లకు అవి కంటికి ఆనవు. మీరెవరో, మీకేం వచ్చో అందులో ఎక్కడా లేదు.

అయితే మీ మెయిల్ మధ్యలో ఒక వాక్యం ఉంది. 'ఐ యామ్ డన్ జీఎస్టీ మంత్లీ వర్క్స్ ఫర్ నైన్ షాప్స్.' ఇంగ్లిష్ తప్పే. కానీ మొత్తం మెయిల్‌లో నేను ఆగి రెండోసారి చదివింది దాన్నే. ఎందుకంటే అది మీరు చేసిన పని. తొమ్మిది షాపుల లెక్కలు నెలనెలా చూసిన అమ్మాయి అంటే, ఒక చిన్న కంపెనీకి రేపటి నుంచే పనికొచ్చే మనిషి. అంత విలువైన మాటను సొంత ఇంగ్లిష్ అన్న బెరుకుతో ఆరో లైనులో దాచేసి, ఎవరి మాటలో ముందు పెట్టారు. మార్చాల్సింది ఇదే. ఆ వాక్యం పైకి రావాలి, వివరంగా రావాలి.

వివరంగా అంటే ఎలాగో చెబుతాను. అకౌంట్స్‌కి కొత్తవాళ్లను తీసుకునేవాళ్లకు ఉండే భయం ఒకటే: అన్నీ మొదటి నుంచి నేర్పాల్సి వస్తుందేమో, ఆ నెల రిటర్ను గడువు దాటిపోతుందేమో అని. మీరు ఆ ఆఫీసులో రోజూ చేసిన పనే ఆ భయానికి జవాబు. షాపుల నుంచి వచ్చిన సేల్స్, పర్చేజ్ బిల్లులు ట్యాలీలో ఎంటర్ చేశారు. 11వ తేదీ లోపు జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల వివరాల రిటర్ను, వెళ్లాలి కాబట్టి నెల మొదట్లోనే సేల్స్ బిల్లులన్నీ తెప్పించుకుని ఉంటారు. 14న 2బీ (సప్లయర్లు ఎక్కించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే పట్టిక) రాగానే పర్చేజ్ బిల్లులను దానితో సరిపోల్చి, సప్లయర్ ఎక్కించని బిల్లు ఏదైనా ఉంటే షాపు వాళ్లకు ఫోన్ చేసి చెప్పి ఉంటారు. 20వ తేదీ 3బీకి, అంటే పన్ను కట్టే నెలవారీ రిటర్నుకు, లెక్క సిద్ధం చేసి ఉంటారు. ఆ షాపుల్లో కొన్ని మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతిలో ఉంటే, రెండూ చూశానని రాయండి. ఇవన్నీ మీకు రోజువారీ పనులుగా కనిపిస్తాయి. బయటి నుంచి చూసేవాళ్లకు ఇదే అనుభవం. 'జీఎస్టీ వచ్చు' అని రాసేవాళ్లు కోకొల్లలు. '2బీతో బిల్లులు సరిపోల్చాను' అని రాసేవాళ్లు అరుదు. అది చదవగానే, నిజంగా ఆ పని చేసిన మనిషేనని తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. రిటర్నులు మీరు సిద్ధం చేస్తే, చివరకు చూసి ఫైల్ చేసింది ఆడిటర్ గారే అయితే, 'సిద్ధం చేశాను' అనే రాయండి. 'ఫైల్ చేశాను' అని రాస్తే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తడబడాల్సి వస్తుంది. అలాగే ఆ షాపుల పేర్లు గానీ, వాళ్ల టర్నోవర్ గానీ మెయిల్‌లో వద్దు. 'రెండు మెడికల్ షాపులు, ఒక బట్టల షాపు, మిగతావి కిరాణా హోల్‌సేల్' అన్నట్టు ఏ వ్యాపారమో చెబితే చాలు. శాంపిల్‌గా చూపిద్దామని వాళ్ల ఎక్సెల్ షీట్ జత చేయడం అస్సలు వద్దు. ఒకరి లెక్కలు ఇంకొకరికి చూపించే మనిషిని ఏ కంపెనీ అయినా అకౌంట్స్‌లోకి తీసుకోవడానికి జంకుతుంది.

సర్టిఫికెట్ లేదన్న కారణంతో ఆ ఎనిమిది నెలలను రెజ్యూమేలో కింద ఎక్కడో పెట్టారు. పైకి తీసుకురండి. జీతం చేతికిచ్చినంత మాత్రాన పని చేయనట్టు కాదు. ఈ వారంలో ఒకసారి ఆడిటర్ గారిని కలవండి. 'సార్, ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు మీ దగ్గర చేశానని, ఏ పనులు చూశానో లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు రాసివ్వండి' అని అడగండి. చాలామంది కాదనరు. ఆయనకు వీలుకాకపోతే, ఎవరైనా ఫోన్ చేస్తే మీ గురించి చెప్పడానికైనా అనుమతి తీసుకోండి. అడగకుండా ఆయన నంబర్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

రాయడం ఎలా అంటారా? ముందు తెలుగులో రాసుకోండి. ఆ కంపెనీ అకౌంటెంట్ మీ ఎదురుగా కూర్చుని 'ఏమ్మా, ఏం పని వచ్చు?' అని అడిగితే ఏం చెబుతారో అదే కాగితం మీద పెట్టండి. మీ సంగతులతో నేను రాస్తే ఇలా ఉంటుంది:

'మీ వెబ్‌సైట్‌లో చూసిన అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. 2024లో బీకాం కంప్యూటర్స్ పూర్తి చేశాను. నరసరావుపేటలో ఒక ఆడిటర్ ఆఫీసులో ఎనిమిది నెలలు పని చేశాను. అక్కడ తొమ్మిది షాపుల బిల్లులు ట్యాలీలో ఎంటర్ చేసి, 2బీతో సరిపోల్చి, నెలవారీ జీఎస్టీ రిటర్నులకు లెక్కలు సిద్ధం చేశాను. మీరు అడిగిన బ్యాంక్ రీకన్సిలియేషన్ చేశాను. టీడీఎస్ పని ఇంకా చేయలేదు, నేర్చుకుంటున్నాను. రెజ్యూమే జత చేశాను. ఇంటర్వ్యూకి విజయవాడ రాగలను. ఎంపికైతే వారంలో చేరగలను.'

కింద మీ పేరు, ఫోన్ నంబర్. అంతే. బ్యాంక్ రీకన్సిలియేషన్ (బ్యాంకు స్టేట్‌మెంట్‌తో మన లెక్కలు సరిపోల్చడం), టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే పన్ను కోయడం) సంగతులు నేను ఊహించి రాశాను. మీ విషయంలో ఏది నిజమో అది పెట్టండి. రాని పనిని రాదని ఒక్క ముక్కలో చెప్పడం వల్ల నష్టం లేదు. పైగా వచ్చని రాసినవాటి మీద నమ్మకం పెరుగుతుంది. ఇప్పుడు దీన్ని ఒక్కో వాక్యంగా ఇంగ్లిష్‌లోకి మార్చండి. అన్నీ చిన్న వాక్యాలే కాబట్టి మీ ఇంగ్లిష్ సరిపోతుంది. 'ఐ వర్క్డ్', 'ఐ ప్రిపేర్డ్', 'ఐ కెన్ జాయిన్' అన్నంత తేలిగ్గా ఉంటే చాలు. ఒక వాక్యం రెండు లైన్లు దాటుతుంటే దాన్ని రెండుగా విడగొట్టండి.

చాట్‌జీపీటీ లాంటి వాటితో రాయించుకోవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. తప్పులు దిద్దించుకోండి, మంచిదే. మీరు రాసింది అందులో పెట్టి, 'స్పెల్లింగ్, గ్రామర్ మాత్రమే సరిచెయ్, కొత్త మాటలు కలపొద్దు' అని అడగండి. మొత్తం దాని చేతికే వదిలేస్తే మళ్లీ ఆ 'ఛాలెంజింగ్ పొజిషన్' దగ్గరికే వెళ్తారు, ఇంకాస్త పెద్ద మాటలతో. పైగా మెయిల్‌లో ఉన్న ఇంగ్లిష్‌కీ, ఫోన్లో మీరు మాట్లాడే ఇంగ్లిష్‌కీ పొంతన లేకపోతే అవతలివాళ్లకు అనుమానం వస్తుంది. మెయిల్ మీలాగే ఉండనివ్వండి.

మీ మెయిల్‌లో ఇంకో వాక్యం ఉంది. నాన్నగారి ఆరోగ్యం బాగోలేదని, ఇంటికి మీ జీతం చాలా అవసరమని రాశారు. చదివి మనసుకు కష్టమనిపించింది. కానీ అమ్మా, ఆ వాక్యం తీసేయండి. అవసరం ఉండటం సిగ్గుపడాల్సిన విషయమని నేననడం లేదు. ఆ మెయిల్ చదివే ఉద్యోగి చేతిలో దానికి చేయగలిగింది ఏమీ ఉండదు. ఆ పోస్టుకు ఎవరు సరిపోతారో చూడటమే ఆయన పని. జాలి మీద పిలిచే కంపెనీలు ఉండవు. ఉన్నా అక్కడ జీతం మాట్లాడేటప్పుడు మీ మాట చెల్లదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. డబ్బు అవసరంలో ఉన్నామని రాసేవాళ్లనే మోసగాళ్లు వెతుక్కుంటారు. ఆ రూ.2,500 మెయిల్ మీకు ఊరికే వచ్చి ఉండకపోవచ్చు.

'కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్' అని ముగించారు. మన ఆఫీసుల్లో అందరూ రాసేదే, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. కాకపోతే మీకు ఏం కావాలో అందులో లేదు. 'ఇంటర్వ్యూకి అవకాశం ఇవ్వగలరు' అని నేరుగా అడగండి. 'రెస్పెక్టెడ్ సర్' విషయంలో కూడా పెద్ద పట్టింపు లేదు గానీ, చదివేది మేడమ్ కావచ్చు కదా. ప్రకటనలో పేరు ఉంటే 'డియర్' అని ఆ పేరు రాయండి. లేదంటే 'డియర్ సర్ ఆర్ మేడమ్' చాలు.

సబ్జెక్ట్ లైన్‌లో మీరు 'జాబ్' అని మాత్రమే పెట్టారు. ఒకే కంపెనీలో నాలుగు పోస్టులకు ప్రకటన ఇచ్చినప్పుడు మీది దేనికో తెలియాలంటే మెయిల్ తెరవాలి. వందల్లో వచ్చినప్పుడు అన్నీ తెరవరు. 'అకౌంట్స్ అసిస్టెంట్, విజయవాడ – బీకాం, 8 నెలల జీఎస్టీ అనుభవం' అని పెట్టి, చివర్లో మీ పేరు రాయండి. ఫోన్లో చూసేవాళ్లకు మొదటి నాలుగైదు మాటలే కనిపిస్తాయి కాబట్టి ఉద్యోగం పేరు ముందుండాలి. ప్రకటనలో ఏదైనా జాబ్ కోడ్ ఇస్తే దాన్ని ఉన్నదున్నట్టు అక్కడే పెట్టండి.

పేరు సంగతి కూడా చెప్పాలి. మన మెమోల్లో ఇంటిపేరు ముందుంటుంది. వేరే రాష్ట్రం వాళ్లు మొదటి మాటనే మీ పేరు అనుకుని, ఫోన్ చేసి ఇంటిపేరుతో పిలుస్తారు. ఇబ్బందేమీ లేదు, పలకండి. కానీ మెయిల్‌లో ఒకలా, రెజ్యూమేలో ఒకలా, ఫైల్ పేరులో ఇంకోలా ఉంటే మాత్రం వెతికేటప్పుడు మీరు దొరకరు. పదో తరగతి మెమోలో ఎలా ఉందో అన్నిచోట్లా అదే స్పెల్లింగ్ వాడండి. 'స్వీటీ' అని ఉన్న మీ మెయిల్ ఐడీ స్నేహితులకు ఉంచుకోండి. ఉద్యోగాల కోసం మీ పేరుతో కొత్తది తెరవండి. ఐదు నిమిషాల పని.

మీరు పంపిన కాపీలో 'టు' దగ్గర ఇరవై రెండు అడ్రస్‌లు వరుసగా ఉన్నాయి. బహుశా అన్నిటికంటే ఎక్కువ దెబ్బతీసింది ఇదే. అందుకున్న ప్రతి ఒక్కరికీ మిగతా ఇరవై ఒక్కటీ కనిపిస్తాయి. ఇది మాకోసం రాసింది కాదని వాళ్లకు ఒక్క చూపులో అర్థమవుతుంది. అందరికీ పంచిపెట్టే పెళ్లి శుభలేఖలాంటి మెయిల్‌కు ఎవరూ విడిగా జవాబు రాయరు. బీసీసీలో పెడితే అడ్రస్‌లు కనిపించవు గానీ, ఆ మెయిల్ ఏ ఒక్క కంపెనీ గురించీ మాట్లాడదు కాబట్టి అదీ లాభం లేదు. వారానికి ఐదే పంపండి, ఒక్కోటి ఒక్కరికి. ప్రతిదానికీ ముందు ఆ ప్రకటన పూర్తిగా చదివి, వాళ్లు అడిగిన వాటిలో మీకు వచ్చినవేమిటో ఒక వాక్యంలో చేర్చండి. మిగతా మెయిల్ అలాగే ఉండొచ్చు.

రెజ్యూమే పీడీఎఫ్‌లో, మీ పేరుతో ఉన్న ఒకే ఫైల్‌గా పంపండి. 'రెజ్యూమే న్యూ ఫైనల్ 2' అన్న పేరు వాళ్ల కంప్యూటర్‌లో ఎవరిదో తెలియదు. డ్రైవ్ లింక్ పెడితే చాలాసార్లు అవతలివాళ్లకు 'యాక్సెస్ అడగండి' అని వస్తుంది. ఆ శ్రమ ఎవరూ పడరు. మార్కుల మెమోలు అడిగితేనే పంపండి. ఆధార్, పాన్ కాపీలు మొదటి మెయిల్‌లో అసలు వద్దు. మీరు రెండూ జత చేశారు, అవి ఇరవై రెండు చోట్లకు వెళ్లాయి. ఆధార్ వెబ్‌సైట్‌లో గానీ యాప్‌లో గానీ బయోమెట్రిక్ లాక్ చేసుకునే వీలుంది, ఈరోజే చేసుకోండి.

పంపే ముందు మీకు మీరే ఒకసారి పంపుకుని, ఫోన్లో తెరిచి చూడండి. ఫైల్ తెరుచుకుంటోందా, నంబర్ సరిగ్గా ఉందా తెలుస్తుంది. 'టు' అడ్రస్ అన్నిటికంటే చివర రాస్తే సగం మెయిల్ పొరపాటున వెళ్లిపోదు. జీమెయిల్ సెట్టింగ్స్‌లో 'అన్‌డూ సెండ్' గడువును 30 సెకన్లకు పెంచుకోవచ్చు. ఫైల్ జత చేయడం మర్చిపోయామని సరిగ్గా సెండ్ నొక్కాకే గుర్తొస్తుంటుంది, అప్పుడు పనికొస్తుంది. స్పామ్ ఫోల్డర్ కూడా రెండు రోజులకోసారి చూడండి. అందులో పడ్డవి 30 రోజుల తర్వాత వాటంతటవే పోతాయి. ఆ అరవైలో ఏ ఒక్కదానికైనా జవాబు అక్కడ ఉందేమో ఈ రాత్రే చూడండి.

మళ్లీ రాస్తే విసుక్కుంటారా అని అడిగారు. ఒకసారి రాస్తే ఎవరూ విసుక్కోరు. వారం పది రోజులు ఆగి, కొత్త మెయిల్‌గా కాకుండా, పాత మెయిల్‌కే రిప్లయ్‌గా మూడు లైన్లు రాయండి: ఫలానా తేదీన ఫలానా పోస్టుకు దరఖాస్తు పంపాను, ఇప్పటికీ ఆసక్తిగా ఉన్నాను, ఇంకా వివరాలు కావాలంటే పంపగలను అని. పాతదానికే రాస్తే రెజ్యూమే కోసం వాళ్లు వెతుక్కోనక్కర్లేదు. దానికీ జవాబు లేకపోతే అక్కడితో ఆపేసి ఇంకో కంపెనీ చూసుకోండి. ఒక కిటుకు చెబుతాను. మీరు రాసేది ఎక్కువగా చిన్న కంపెనీలకు కాబట్టి, అక్కడ మీ మెయిల్ చదివేది అకౌంటెంటో, ఓనరో అయి ఉంటారు. 7న టీడీఎస్ కట్టడం, 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ. ఆ ఒత్తిడి మీకు తెలిసిందే. 20 దాటాక పంపిన మెయిల్‌ను తీరిగ్గా చదువుతారు. ప్రకటనలో చివరి తేదీ ఉంటే మాత్రం 20 దాటేదాకా ఆగకండి.

ఇంటర్వ్యూకి రమ్మని మెయిల్ వస్తే అదే రోజు జవాబివ్వండి. తేదీ, టైమ్, చోటు మూడూ మళ్లీ రాసి, వస్తున్నానని చెప్పండి. ఆ తేదీ కుదరకపోతే రెండు వేరే తేదీలు మీరే సూచించండి.

ఇక ఆ రూ.2,500. ట్రైనింగ్ కిట్, రిజిస్ట్రేషన్, ల్యాప్‌టాప్ డిపాజిట్, పేరేదైనా, ఉద్యోగం ఇవ్వడానికి ముందే డబ్బు అడిగితే అది మోసమనే అనుకోండి. ఇంటర్వ్యూ లేకుండా ఎంపికయ్యారని రాయడం, ఇవాళ సాయంత్రంలోగా కట్టమని తొందరపెట్టడం, పెద్ద కంపెనీ పేరు చెబుతూ మామూలు జీమెయిల్ ఐడీ నుంచి రాయడం వీళ్ల పద్ధతి. అడ్రస్‌లో '@' గుర్తు తర్వాత ఏముందో ఒక్కో అక్షరం చూడండి. అసలు కంపెనీ పేరులో ఒక అక్షరం మార్చి సృష్టించిన అడ్రస్‌లు ఉంటాయి. అనుమానం ఉంటే ఆ మెయిల్‌లో ఇచ్చిన నంబర్‌కు ఫోన్ చేయకండి. కంపెనీ వెబ్‌సైట్ మీరే వెతికి, అక్కడున్న నంబర్‌కు చేసి అడగండి. ఒకవేళ ఈ ఉత్తరం రాశాక డబ్బు కట్టేసి ఉంటే, భయపడకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపడానికి అంత వీలుంటుంది. ఇంట్లో తిడతారేమోనని దాచుకోకండి. ఆ మెయిల్‌నూ, డబ్బు పంపిన మెసేజ్‌నూ డిలీట్ చేయకండి, ఫిర్యాదుకు అవే ఆధారం.